నిద్రగోలి, నల్లమందు



గసగసా లెరుగని వంటిల్లు మన సీమలో లేదు. పండుగనాటి మసాలాలో అవి పడవలసినదే. ఆ గింజ పండెడి కాయను పచ్చిగా నున్నప్పుడు గాటుపెట్టినచో తెల్లని పాలు కారును. ఆ పాలు గాలికి నల్లబడి గట్టిపడినచో నల్లమందగును. గింజ వంటింటికి వచ్చినది. పాలు ఆబ్కారీవారి తాళముల క్రిందికి పోయినవి. నల్లమందను మాట వినగానే మన పెద్దలకు నేటికిని గుండె జల్లుమనును. కాని ఆ పెద్దలే రాత్రి భోజనమైన పిమ్మట దిండు క్రిందనుండి చిన్న గోలి యొకటి తీసి, వక్కపలుకు వేసికొన్నంత తేలికగా మింగి పండుకొనుట నేను ముప్పది యేండ్లుగా చూచుచున్నాను. ఆ గోలీలను వ్రాసియిచ్చిన వైద్యులలో నేనును ఒకడను. నేడీ రెండు మందులను ప్రక్కప్రక్కన నుంచి మాటాడదలచితిని. దేనినిగూర్చి మనము హెచ్చుగా భయపడుచున్నామో, దేనినిగూర్చి చాలినంత భయపడుట లేదో చూతము.

మన మన్యమునకు నల్లమందు క్రొత్త గాదు. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి వేరై మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. ఆ మన్యములో చలిజ్వరమునకు కాపని నల్లమందు గుళిక తినుట ఆ కాలపు వాడుక. 1893లో నియమింపబడిన నల్లమందు విచారణ సంఘమువారు దేశమున సాక్ష్యములు తీసికొన్నప్పుడు, చలిజ్వరపు సీమలలో జనులు దీనిని మందుగా తినుచున్నారను మాట పెక్కుచోట్ల వచ్చెను. నిజమునకు నల్లమందు చలిజ్వరమును కుదుర్పదు. ఒడలినొప్పుల నణచును, దగ్గు నాపును, విరేచనములను కట్టును. రోగము లోపల నుండగనే రోగి నెమ్మదించినదనును. ఈ గుణమును జ్ఞప్తియం దుంచుకొనవలెను. నిద్రగోలి చేయు పనియు నిట్టిదే.

పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో సెర్ట్యూర్నర్ అను జర్మను ఔషధకారుడు నల్లమందు నుండి దాని సారమును వేరుచేసెను. అదియే మార్ఫిన్. 1898లో మార్ఫిన్ నుండి చేసిన హెరాయిన్‌ను దగ్గుమందని దుకాణములలో అమ్మిరి! కోడీన్, ట్రమడాల్, ఫెంటనిల్ అనునవి యెల్ల నా వంశమునకు చెందినవే. కొన్ని చెట్టునుండి పుట్టినవి, కొన్ని కార్ఖానాలో పుట్టినవి. ఇచట నొక మాట చెప్పవలెను. మోకాలినొప్పికి మీరు వాడు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, జ్వరమునకు వాడు పారాసిటమాల్ ఈ వంశములోనివి కావు. వానికి మత్తు లేదు. కడుపునకును మూత్రపిండములకును కాలేయమునకును వానివలన వచ్చు హాని వేరు. అది మరియొకనాటి ప్రసంగమునకు తగిన సంగతి.

నిద్రగోలీల వంశము వయస్సులో చిన్నది. అంతకు మునుపు నిద్రకు బార్బిట్యురేట్లను మందు లిచ్చెడివారు. అవి కొంచె మెక్కువైనను ఊపిరి ఆగెడిది. లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొన్న లిబ్రియం 1960లోను, వాలియం 1963లోను అమ్మకమునకు వచ్చెను. వాలియమనగా మన డైజిపాం. 1981లో ఆల్ప్రజోలాం అమెరికాలో విడుదలయ్యెను. ఇవి ఒక్కటిగా మింగినచో హెచ్చైనను ప్రాణము తీయుట అరుదు. అందుచే వైద్యలోకము ఊరట చెంది, వీనికి మెత్తని మందులని పేరుపెట్టెను. ఆ మంచిపేరు మనకు చేటు తెచ్చినది. పులి వచ్చిన తోవలో కర్ర పట్టుకొని పోయెడివాడు, పిల్లి వచ్చిన తోవలో చేతులూపుకొనుచు పోవును గదా.

ఈ గోలి లోపల చేయు పనిని మన చెరువు నుపమానముగా చెప్పవచ్చును. మెదడులో పరుగెత్తించు శక్తి యొకటియు, నిలువరించు శక్తి యొకటియు గలవు. నిలువరించు రసమునకు గాబా యని పేరు. అది మన చెరువు తూము కాచు నీరటివంటిది. దిగులు హెచ్చినప్పుడు వరద వచ్చినట్లగును. నీరటి యొక్కడు చాలడు. అప్పుడు గోలి యను కూలిమనిషిని తోడుగా పెట్టుదుము. పది దినములు, రెండు వారములు అయినచో లాభమే. నెలలు గడచిన కొలది నీరటి మెల్లగా ఇల్లు చేరును. కాపలా యంతయు కూలివాని మీదనే పడును. వాడును క్రమముగా హెచ్చుకూలి యడుగును. ఒకనాడు వానిని ఉన్నపళముగ పంపివేసినచో, నిండు చెరువువద్ద తూము కాచువా డుండడు. చేతులు వణకును, చెమట పట్టును, కంటిమీద కునుకు రాదు, లేనివి కనబడును, మూర్ఛ వచ్చును. ఆ మూర్ఛలలో ప్రాణముపోవుటయు కలదు.

ఇది పుస్తకములో చదివి చెప్పుట గాదు. 2008లో భద్రాచలము చేరువ గ్రామమునుండి యొక వృద్ధురాలు నాయొద్దకు వచ్చెను. పెనిమిటి పోయి మూడు వారములైనది. నిద్రలేదు, అన్నము సహింపదు. నేను పావు మిల్లీగ్రాము ఆల్ప్రజోలాం రాత్రికొకటి చొప్పున పది దినములకు వ్రాసితిని. పది దినములని నోట చెప్పితిని గాని కాగితముమీద ముగింపు తేదీ వ్రాయలేదు. ఆ కాగితమును ఆమె ప్లాస్టిక్ సంచిలో భద్రపరచెను. మందులదుకాణమువారు దానిని చూపినప్పుడెల్ల గోలీల నిచ్చిరి. ఒకటి రెండయ్యెను, పావు అర యయ్యెను, రాత్రి గోలి పగలునకు ప్రాకెను. పదునొకండేండ్లు గడచినవి. 2019లో ఆమె తెల్లవారుజామున పెరటిలోనికి పోవుచు తూలిపడి తుంటియెముక విరుగగొట్టుకొనెను. అట్లు పడుటకు సగము కారణ మా గోలియే. ముసలితనమున నీ మందు కాళ్ల నిలుకడను, జ్ఞాపకమును తగ్గించును. మతిమరుపని మనము వయస్సుమీద నెట్టివేయుదుము.

ఆమెను పట్నములో నొక ఆసుపత్రిలో చేర్చిరి. ఏమి మందులు వాడుచున్నావని అడిగినప్పుడు రక్తపుపోటు గోలి పేరు చెప్పెను, దీనిని చెప్పలేదు. దిండు క్రింది గోలిని మందని ఎవరనుకొందురు? మూడవనాడు కొడుకును గుర్తుపట్టలేదు. గోడమీద చీమలు ప్రాకుచున్నవని కేకలు వేసెను. ఆ సాయంత్రము మూర్ఛలు వచ్చినవి. తలలో రక్తము గడ్డకట్టెనేమో యని యంత్రములో చూచిరి, ఏమియు లేదు. కొడుకు ఇంటికి పోయి సంచి వెదకి ఆ కాగితమును చూచి నాకు ఫోను చేసెను. దస్తూరి నాది. గోలి మరల మొదలుపెట్టగా రెండు దినములలో ఆమె తెలివికి వచ్చెను. నేను పోయి మంచముప్రక్కన కూర్చుండి, ఇన్నేండ్లు ఎందుకు మింగితివమ్మా యని యడిగితిని. ఆమె నావైపు చూచి, "మీరు రాసిచ్చిన గోలే గద సారూ, నేనేం దొంగతనంగ మింగలే" అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.

ఇట్టిదే పెద్దయెత్తున మన రాష్ట్రములో జరిగినది. మన అడవిపల్లెలలో కోయసోదరులు తాటికల్లు, జీలుగుకల్లు చెట్టుక్రిందనే త్రాగుదురు. ఏ చెట్టు కల్లు ఏ పూట యెట్లుండునో వారికి తెలియును. చెట్లు చాలని పట్నములలో కల్లు వేరు. నీటిలో చక్కెరయు, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలాం పొడులును కలిపి అమ్మినవారు కలరు. త్రాగువాడు కల్లు త్రాగుచున్నాననుకొనును, నిద్రగోలీలు త్రాగుచుండును. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లు దుకాణములపై ఆబ్కారీవారు గట్టి దాడులు చేసిరి. పొడి ఒక్కసారిగా ఆగెను. నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలగు జిల్లాలలో కూలిజనము వణకుచు, పిచ్చిచూపులు చూచుచు, మూర్ఛలతో ఆసుపత్రులలో పడిరి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము కిక్కిరిసిపోయెను. కొందరు మరణించిరి. పిచ్చి లేచినదని చూచినవారనిరి. అది పిచ్చి గాదు, పైని చెప్పిన ఖాళీతూము. కల్తీ నాపుట న్యాయమే. కాని ఆపుటకు ముందు దానికి మరగినవారికి తగిన మందును ఆసుపత్రులలో సిద్ధము చేయవలసియుండెనని నా యభిప్రాయము. కల్తీ అంతటితో పోలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందరు ప్రాణములు గోల్పోయిరి.

ఇక నల్లమందు వంశపు సంగతి. దాని ప్రమాదము మరియొక దిక్కునుండి వచ్చును. నొప్పి నణచు శక్తియే ఊపిరిని గూడ అణచును. అలవాటు లేనివాడు హెచ్చుగా తీసికొన్నచో నిద్రలోనే శ్వాస నిలుచును. దానికి నలోక్సోన్ అను విరుగుడు కలదు గాని సమయమునకు అందవలెను. ఆపినప్పుడు కలుగు బాధ ఘోరమైనది: ఎముకలు విరిచినట్లు నొప్పులు, కడుపులో మెలి, విరేచనములు, కన్నీరు, ముక్కునీరు. చూచువారు వీడు చచ్చిపోవుననుకొందురు. కాని ఒడలిలో నీరు తగ్గకుండ చూచుకొన్నచో, ఆ బాధవలన చచ్చుట అరుదు. కావున నల్లమందు హెచ్చైనప్పుడు చంపును. నిద్రగోలి హఠాత్తుగ ఆపినప్పుడు చంపవచ్చును. ఈ తేడా తెలియక, చెడ్డ అలవాటు వదిలించెదమని ఇంటివారు పెద్దల గోలీలను కుంటలో పారవేయుట నేనెరుగుదును. వారి ప్రేమను తప్పుపట్టను. చేసినది మాత్రము ప్రమాదము.

రెండును కూడినచో మరింత చేటు. ట్రమడాల్ గాని కోడీన్ దగ్గుమందు గాని త్రాగి, పైన నిద్రగోలి మింగి, ఆ పైన ఇప్పసారా పుచ్చుకొన్నవాని ఊపిరిని మూడు చేతులు నొక్కుచుండును. అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 2016లో ఈ రెండు వంశముల కలయికపై తన హెచ్చరికలలో నెల్ల గట్టిదానిని మందుపెట్టెలకు చేర్చెను. 2020లో నిద్రగోలీల అలవాటునుగూర్చి మరియొకటి చేర్చెను. అరువదియేండ్లు అమ్మిన పిమ్మట!

ఆ దేశపు కథ మనకు పాఠమే గాని తిన్నగా మన కథ గాదు. అచట 1996 తరువాత ఆక్సికోడోన్ అను నొప్పిమందును, అలవాటు కాదని నమ్మబలికి, నడుమునొప్పులకును పంటినొప్పులకును విరివిగా వ్రాసిరి. పిమ్మట హెరాయిన్, ఆ పిమ్మట దొంగచాటు ఫెంటనిల్ వచ్చినవి. 2021లో మత్తుమందులు హెచ్చై అచట మరణించినవారు లక్షను మించిరి. అందధికభాగ మీ వంశపు మందులవలననే. మన వద్ద నడుమునొప్పి వానికి మార్ఫిన్ దొరకదు. అందుకు సంతోషింపవచ్చును. కాని క్యాన్సరు వానికిని దొరకకుండెను. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టము దొంగలను పట్టుటకు పుట్టినది; అనుమతిపత్రములు పెక్కు కావలసివచ్చుటచే ఆసుపత్రులవారు మార్ఫిన్ ఉంచుటనే మానిరి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలములలో ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండించి విదేశములకు పంపు దేశములో, రోగి నొప్పితో మూల్గుచు చచ్చెను. 2014లో చట్టమును సవరించి, అత్యవసర నొప్పిమందులకు అనుమతిని సులభము చేసిరి.

చట్టము మారినను మనస్సు మారలేదు. నా యెరుకలో చుట్ట త్రాగెడి రైతొకనికి నోటి క్యాన్సరు ముదిరెను. కోయుటకు వీలులేని స్థితి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి తగ్గించు విభాగము కలదు, పోయి మార్ఫిన్ తెచ్చుకొనుడని చెప్పితిని. కొడుకు లిద్దరును ఒప్పుకొనలేదు. "నల్లమందు తిని పోయిండంటరు సారూ, మా నాయనకు ఆ పేరు వద్దు" అనిరి. పందొమ్మిది దినము లట్లే గడచెను. ఆ కేకలు వినలేక ప్రక్కయింటివారు బంధువులయింటికి పోయిరి. తుదకు పెద్దకోడలు పట్టుబట్టి పంపించెను. నాలుగు గంటల కొకసారి మార్ఫిన్ గోలి, దానితోపాటు మలబద్ధము కాకుండ మరియొక మందు. ఆ రైతు తరువాత రెండునెలలు బ్రతికెను. మనుమనిని ఒడిలో కూర్చుండబెట్టుకొనెను, కౌలు లెక్క చూచుకొనెను. మందు కొరకు తహతహలాడలేదు; నొప్పి పెరిగిననాడు మోతాదు పెంచిరి, అంతియే. ఆ పందొమ్మిది దినములను తలచుకొన్నప్పుడు ఆ కొడుకులు నేటికిని తలవంచుకొందురు. వారిని నే నేమియు ననలేదు.

ఇట్లు, వ్రాయవలసిన చోట మార్ఫిన్ వ్రాయక, ఆపవలసిన చోట ఆల్ప్రజోలాం ఆపక మా వైద్యులమును మీరును కలిసి తారుమారు చేసితిమి. నొప్పి కన్నులకు కనబడును, దిగులు కనబడదు. దిగులుతో వచ్చినవానితో అరగంట మాటాడవలెను, ఇంటిసంగతు లడుగవలెను. బయట నలుబది మంది వరుసలో నిలిచియుండగా గోలి వ్రాయుట సులువు. అప్పు, పంటనష్టము, కొడుకు మాటవినకపోవుట, ముంపు భయము, వీనికి గోలి మందు గాదు. దీర్ఘకాలపు దిగులునకు తగిన వేరు మందులు, మాటలచే చేయు చికిత్స కలవు. అవి ఫలించుటకు వారములు పట్టును, గోలివలె అరగంటలో గాదు. అదియే చిక్కు.

మన యెల్లపల్లెలకు వేరొక చిక్కు గలదు. 2014 తరువాత భద్రాచలము తెలంగాణలో నుండ, ఊరిచివరి ఏటపాక ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. చింతూరు దాటి కొంత దూరము పోయినచో కుంట ఛత్తీస్‌గఢ్‌లోనిది. నొప్పికి ఒకచోట, నిద్రకు ఒకచోట, దగ్గునకు మరొకచోట మందు తీసికొను రోగి నే నెరుగని వింత గాదు. మూడు రాష్ట్రముల కాగితములు ఒక సంచిలో నుండును గాని ఒక వైద్యుని బల్లమీదికి రావు. ఆసుపత్రికి పోవునపుడు సంచినంతయు తీసికొనిపోయి బల్లమీద గుమ్మరించుడు. దిండుక్రిందిదియు, కొంగున కట్టినదియు వదలకుడు. ఆల్ప్రజోలాం, డైజిపాం, ట్రమడాల్ మొదలగు మందుల అట్టలపై ఎర్రగీతల చట్రములో హెచ్చరిక యుండును. 2014 మార్చినుండి ఇట్టి మందులను అమ్మినప్పుడెల్ల దుకాణదారుడు వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు ప్రత్యేకపు పుస్తకములో వ్రాసి, మూడేండ్లు భద్రపరుపవలెనని నియమము. అడుగువా డున్నచోట నియమము నడచును. ఊరిలో అడుగదగినవారు మీరు.

ఎన్నో యేండ్లుగా గోలి మింగుచున్నవారు ఈ ప్రసంగము విని నేటి రాత్రి మానివేయరాదు. వైద్యుని చూచి, రెండు నాలుగు వారముల కొకసారి మోతాదులో పదియవ వంతో, ఇరువదియవ వంతో తగ్గించుకొనుచు రావలెను. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెథర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 నుండి 1994 వరకు ఇట్టివారికొరకే ప్రత్యేకమైన చికిత్సాశాల నడపి, తొందరపడినవారు ఓడిరనియు, మెల్లగా రోగి ఇష్టముచొప్పున నడచినవారు గెలిచిరనియు చూపెను. నెలలు పట్టును, కొందరికి ఏడాది మించును. నడుమ నొక మెట్టున కాలు ఆగినచో ఆగవచ్చును, వెనుకకు దిగవలసిన పని లేదు. దగ్గర వైద్యుడు లేనిచో, 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 అను నంబరున ఫోను చేసినచో రాత్రింబగళ్లు తెలుగున మాటాడువా రుందురు, రుసుము లేదు.

ఆ వృద్ధురాలికి గోలి తగ్గించుటకు మొదలుపెట్టి ఏడాదిన్నర పట్టినది. రెండుసార్లు ఆగితిమి, ఒకసారి ఆమె నామీద కోపించి మూడునెలలు రాలేదు. ఇప్పుడు కఱ్ఱపట్టి నడచుచున్నది. నిన్నమొన్న చూచినప్పుడు రాత్రికి పావు మిల్లీగ్రాము గోలిలో సగము మింగుచున్నానని చెప్పెను. అదియు మానుదమా యని యడిగితిని. "వానకాలం పోనియ్యి సారూ" అనెను. సరే యని, ఈసారి కాగితముమీద తేదీ వ్రాసి యిచ్చితిని.